మేనల్లుడికిచ్చిన వోల్గా

ఆ తలుపు ఇంకోసారి వేయండన్నా. అంత గట్టిగా కాదు, మామూలుగా. ఊఁ... విన్నారా? మోగింది! వోల్గా కారు తలుపు మోగకూడదు, దిండు పడ్డట్టు మెత్తగా మూసుకోవాలి. ఏంటీ, మోగలేదా? సరే, మోగలేదు. పొద్దున్నే మీతో గొడవెందుకు నాకు.

అబ్బే, వెళ్ళిపోవడం లేదు. కొనడానికే వచ్చాను. ఈ ఆదివారం బండి లేకుండా ఇంటికి రావద్దని మా ఆవిడ మరీ మరీ చెప్పి పంపింది. మా బురుల్ చాలా ఓపిక మనిషి. ఆమె నోటే ఆ మాట వచ్చిందంటే నేను ఇంట్లో ఎంత నస పెడుతున్నానో మీరే అర్థం చేసుకోండి.

కాస్త పక్కకి జరగండి, అయస్కాంతం పెట్టి చూస్తాను. ఇది ఎప్పుడూ నా జేబులోనే ఉంటుంది. పైన రంగు కొట్టి లోపల పుట్టీ కూరిన బండ్లు ఈ సంతలో ఎన్ని చూశానో. రేకైతే పట్టుకుంటుంది, పుట్టీ అయితే జారిపోతుంది. ఇదిగో, ఇక్కడ పట్టుకుంది. ఇక్కడా పట్టుకుంది. తలుపు కింద చూద్దాం, నీళ్ళు నిలిచి తుప్పు తినేసేది అక్కడే... ఛ, ఇక్కడా పట్టుకుంది.

ఎందుకు 'ఛ' అన్నానా? నోరు జారిందిలెండి.

మీ బండికేం అన్నా, బావుంది. వంక పెట్టడానికి ఏమీ దొరకట్లేదు. అదే నా బాధ. దొరికితే ఒక దణ్ణం పెట్టి ఇంటికి పోయేవాణ్ణి కదా!

మీకిది అమ్ముకునే బండి. నాలాంటివాడికి... ఎలా చెప్పను? నేను పళ్ళ ఆస్పత్రిలో కట్టుడు పళ్ళు చేస్తాను. పొద్దస్తమానం ఎవరెవరివో నోళ్ళ అచ్చులు ముందేసుకుని కూర్చోవడమే పని. ఇంటికెళ్ళాక ఒక పాత బండి ఉండాలన్నా. దాన్ని విప్పాలి, కడగాలి, బిగించాలి. నచ్చకపోతే మళ్ళీ విప్పాలి. తొందరేం లేదు. నేను ముసలాణ్ణయ్యేదాకా పూర్తి కాకపోయినా పర్లేదు. అలాంటి బండి జీవితం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. మరి చూసి ఎంచుకోవద్దూ? బురుల్‌ని చూసి, పోసిన టీ చల్లారేలోపు ఒప్పేసుకున్నాను. బండి దగ్గర మాత్రం, మా అబ్బాయి బడిలో చేరక ముందు మొదలుపెట్టిన వెతుకులాట వాడికి మీసాలొచ్చినా తెమల్లేదు.

చూడని బండి లేదు. పోబేదా చూశాను, మోస్క్‌విచ్ చూశాను, మిలిటరీ జీపులు చూశాను. మా ఆస్పత్రిలో కుర్రాళ్ళు జర్మనీ బండి తీసుకో అన్నారు. మంచిదే, కానీ దాన్ని చూస్తే చెయ్యి పెట్టాలనిపించదు నాకు. చివరికి మనసు వోల్గా మీదే ఆగింది. ఇదే మోడలు, ఇదే ముక్కు, ముందు జాలీకి ఇవే పళ్ళు.

ఏం చూడాలో నాకు తెలుసన్నా. ఇంజిన్ పోతే చేసుకోవచ్చు. ఒళ్ళు గట్టిగా ఉండాలి. అద్దాలు, పిడులు, మెరిసే పట్టీలు ఉన్నవి ఉన్నట్టు ఉండాలి, పోతే మళ్ళీ దొరకవు. అన్నిటికన్నా ముఖ్యం, ముందెవడూ దాన్ని 'బాగు' చేసి ఉండకూడదు. నోళ్ళ సంగతీ అంతే. గాలికొదిలేసిన నోటిని నేను దారికి తెస్తాను. తెలియనివాడు చెయ్యి పెట్టిన నోటిని చూస్తే నాకే ఏడుపొస్తుంది.

అలాంటిది ఒకటి దొరికిందన్నా. కనుమ అవతల, అట్-బాషీ ఊళ్ళో.

గడ్డి కొట్టంలో ఉంది. పచ్చరంగు వెలిసి వెలిసి ఎండుగడ్డిలో కలిసిపోయింది. వెనక సీట్లో కోడి గుడ్లు పెట్టుకుంటోంది. అక్కడ చలి తప్ప తడి ఉండదు కదా, కింద పడుకుని టార్చి వేసి చూస్తే తుప్పు మచ్చ లేదు. నేను పైకి లేవలేదు. అలాగే గడ్డిలో పడుకుని చాలాసేపు దాని అడుగు భాగం చూస్తూ ఉండిపోయాను. కోడి వచ్చి నా బూటు పొడిచింది.

బండి తోక్తోసున్ అనే ముసలాయనది. ఆయన ఒకప్పుడు అక్కడ పశువుల డాక్టరు. చూపు మందగించాక కొట్టంలో పెట్టేశాడు. అమ్ముతారా తాతా అంటే అవుననడు, కాదనడు. 'మళ్ళీ రా, టీ తాగుదాం' అంటాడు. వెళ్ళాను. మళ్ళీ వెళ్ళాను. ఆ ఇంట్లో తాగినంత టీ మా అత్తారింట్లో కూడా తాగలేదు.

నాకు నోరు లేదన్నా. నవ్వకండి! బండ్ల గురించైతే ఇలా వాగుతాను కానీ బేరం దగ్గర నోరు పెగలదు. అందుకని సగిన్‌ని వెంటబెట్టుకెళ్ళాను.

సగిన్ తెలీదా మీకు? పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుంటాడు, బిష్కెక్‌లో వాడు లేని పెళ్ళి లేదు. వాడు నవ్వమంటే పెళ్ళికూతురి నాయనమ్మ నవ్వుతుంది, ఏడవమంటే మగాళ్ళు కూడా రుమాళ్ళు తీస్తారు. చిన్నప్పుడు బళ్ళో నా పక్కనే కూర్చునేవాడు. నా నోటుపుస్తకంలో చూసి రాసుకుని నాకంటే ముందు లేచి జవాబు చెప్పేవాడు. టీచరు వాడి తల నిమిరేది. అప్పట్నుంచీ అదే వరస. బండిలో పెట్రోలు ఎక్కడ పోస్తారో తప్ప ఇంకేం తెలీదు వాడికి. అయినా నోరుంది కదా, ముసలాయన్ని ఒప్పిస్తాడు కదా అనుకున్నాను.

వెళ్ళాం. కూర్చున్నాం. రొట్టె, మీగడ, నూనెలో వేయించిన పిండి బోర్సోక్‌లు అన్నీ పరిచారు. ముసలాయన పద్ధతి ప్రకారం అడిగాడు, 'ఎవరి బిడ్డలు నాయనా మీరు?' నేను మా ఏడు తరాల పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. తలూపాడు. సగిన్ వాడివి చెప్పాడు. దానికీ తలూపాడు. అంతే! మళ్ళీ గొర్రెల కబుర్లు, ఉన్ని కబుర్లు. మాట ఎంతకీ బండి వైపు రాదే!

ఇక్కడ చూడండి నా తెలివి. ముసలాయన కాస్త మెత్తబడతాడని, నేనే, ఈ నోరు లేనివాణ్ణే, నోరు తెరిచి 'తాతా, వీళ్ళ అమ్మ కూడా మీ చెరిక్ వంశపు ఆడపడుచే' అన్నాను.

ఎవరన్నా అంటారా? మీరు చెప్పండి, మీరైతే అంటారా? ఆడపడుచు కొడుకు ఆ వంశం మొత్తానికీ మేనల్లుడని, మేనల్లుడు ఏది అడిగినా కాదనకూడదని మన కిర్గిజ్ పిల్లాడెవడికి తెలీదు? నాకు తెలీదా? కానీ సగిన్ గాణ్ణి నేనెప్పుడూ ఒకరి మేనల్లుడిగా అనుకోలేదన్నా. సగిన్ అంటే సగినే.

ముసలాయన చేతిలో గిన్నె ఠక్కున కింద పెట్టాడు. 'మా ఆడపడుచు కొడుకా! ఇంతసేపూ నిన్ను పరాయివాడిలా కూర్చోబెట్టానే! ఓ ముసలీ, ఇలా రా, మేనల్లుడొచ్చాడు మనింటికి!' లేచొచ్చి వాడి తల రెండు చేతుల్తో పట్టుకుని నుదురు వాసన చూశాడు. ముసలావిడ కళ్ళొత్తుకుంది. వాడు కూడా ఒత్తుకున్నాడు, వెధవ, వాడికి కన్నీళ్ళు ఎప్పుడంటే అప్పుడొస్తాయి. గొర్రెని కోశారు. నేను ఒక మూల టీ గిన్నె పట్టుకుని కూర్చున్నాను. దాంట్లో మళ్ళీ టీ పోయాలని కూడా ఎవరికీ తోచలేదు.

'మొదటిసారి మేనమామ గడప తొక్కావు. మా నాన్న రోజుల్లో అయితే గుర్రప్పిల్లని తోలిచ్చేవాళ్ళు. ఏం కావాలో అడుగు, లేదంటే నేను మేనమామనే కాదు' అన్నాడు ముసలాయన. 'వద్దు మామా, మీ దీవెన చాలు' అన్నాడు సగిన్. పెళ్ళి గొంతు ఉందే, అదే గొంతుతో. అడగాల్సిందే అన్నాడు ముసలాయన. అప్పుడు వీడు కిటికీలోంచి కొట్టం వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. నా కోసమే అడుగుతున్నాడనుకున్నానన్నా! చిన్నప్పటి స్నేహితుడు, ఎంతైనా నా వాడు అని మనసులో వాడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

'మామా, ఆ వోల్గా ఇప్పించండి' అన్నాడు.

ముసలాయన కొంచెం కూడా తటపటాయించలేదు. 'తీసుకో' అని అరచేతులతో మొహం తుడుచుకుని దీవించాడు, మేమూ తుడుచుకున్నాం. ముసలావిడ కీడు పోవాలని అర్చా చెట్టు కొమ్మ అంటించి బండి చుట్టూ పొగ వేసింది. కోడిని తోలేశారు. అప్పటికీ నాకు అనుమానం రాలేదు. తాళం నాకిస్తాడని చెయ్యి సగం చాపాను కూడా. అప్పుడన్నాడు ముసలాయన, 'ఇది మేనల్లుడి వాటా. అమ్మినా, ఇంకొకరికి ఇచ్చినా నా మొహాన ఉమ్మేసినట్టే.' సగిన్ నావైపు తిరిగి, 'విన్నావుగా ఎసెన్, ఏం చేయను రా' అన్నాడు. తాళం జేబులో వేసుకున్నాడు.

నా కోసమే అడిగి పాపం ఇరుక్కుపోయాడో, మొదట్నుంచీ మనసులో అదే ఉందో, నాకిప్పటికీ తెలీదు. అడగలేదు. అడిగితే నమ్మేలా ఏదో ఒకటి చెప్తాడు. నేను నమ్మేస్తాను.

దాన్ని లారీ మీద ఎక్కించి కనుమ దాటించి తెచ్చాం. వెనక నిలబడి తాళ్ళు జారకుండా చూసుకుంది నేను. ముందు కూర్చుని డ్రైవర్ని నవ్వించింది వాడు.

ఏంటన్నా? నేనెవరి బిడ్డనా? దయచేసి ఆ ప్రశ్న మాత్రం అడక్కండి! మా అమ్మది ఇస్సిక్-కుల్ సరస్సు వైపు, బుగు వంశం. అక్కడికీ వెళ్ళాను, సిగ్గు విడిచి, మా మేనమామల దగ్గరికి. ఏం కావాలిరా అల్లుడూ అన్నారు. వాళ్ళింట్లో చక్రాలున్నది ట్రాక్టరు ఒక్కటే. ఇస్తామన్నారు, పాపం.

సరే, వాడేం చేశాడో వినండి. అసలు సీట్ల బట్ట చించేసి తెల్లగా మెరిసే రెగ్జిన్ కొట్టించాడు. పైకప్పు మీద ప్లాస్టిక్ పెళ్ళి ఉంగరాలు బిగించాడు. రేకుకి చిల్లులు పెట్టి, అన్నా! ఏనాడూ సూది మొన దిగని రేకుకి! ఇప్పుడు పెళ్ళికొడుకుల్ని అందులో తిప్పుతాడు. జనం ఎగబడి ఫోటోలు దిగుతారు.

మొన్న ఒక పెళ్ళిలో మైకులో ఏమన్నాడో తెలుసా? 'ఇది మా మేనమామ కానుక! అదిగో, మూల బల్ల దగ్గర మా ఎసెన్, ఈ బండి పళ్ళు తోమేది అతనే!' అందరూ ఒకటే నవ్వు. బురుల్ కూడా నవ్వింది. తర్వాత ఆమెని ఎక్కించుకుని ఆ వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు. మొహం వెలిగిపోతూ దిగొచ్చి, 'ఎంత బాగుందండీ, సోఫాలో కూర్చున్నట్టుంది, మనం కూడా ఇలాంటిది చూసుకోవచ్చు కదా' అంది. నాతో! ఆ మాట నాతో అంది!

కుళ్ళన్నా. పేరు పెట్టే చెప్తున్నాను, నాకు వాడంటే కుళ్ళు. వాడు ఎదురైతే మొహం తిప్పుకుంటాను, దాటిపోయాక మాత్రం వెనక్కి తిరిగి బండిని చూస్తాను. వాడు ఫోన్ చేసి 'వచ్చి నీకిష్టమొచ్చినట్టు చేసుకోరా, నీదీ నాదీ అని ఏముంది మనకి' అంటాడు. ఏముందా? తాళం ఉంది! నువ్వే రావాలి, నీకు తప్ప ఎవడికి తెలుసు అంటాడు. ఆ మాట వింటే ఇంకా మండుతుంది. వెళ్ళలేదు. చేతిలో పనుందని చెప్తూ వచ్చాను.

ఇవాళ బస్సెక్కబోతుంటే మళ్ళీ ఫోన్ చేశాడు. నిన్న పెళ్ళివాళ్ళతో ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే ముందు నుంచి పొగలు కక్కిందట. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళ పంపు పోయింది. వాడు చెప్పిన చప్పుడు బట్టే నాకు తెలిసిపోయింది. ఎవడో వాడికి చెప్పాడట, ఈ పాత ఇంజిన్ పీకి పారేసి జపాన్‌ది పెట్టేస్తానని, దానికి ముందు భాగం కాస్త కోయాలని. గురువారం వస్తున్నాడట కోయడానికి. 'నువ్వేమంటావు ఎసెన్?' అన్నాడు.

'కోయించు' అన్నాను. ఫోన్ పెట్టేశాను.

అవును, అన్నాను! ఎందుకనకూడదు? ఒకసారి దాన్ని కోసేస్తే నా పీడ పోతుంది. ఆ తర్వాత అది రంగు కొట్టిన ఇంకో డబ్బా. దాన్ని చూసి ఏడవాల్సిన పని ఉండదు. హాయిగా మీ బండి కొనుక్కుని నా పని నేను చేసుకుంటాను. మీ దగ్గరికి వచ్చింది అందుకే.

స్టార్ట్ చేయండి, విందాం... అబ్బ. ఎంత మెత్తగా పట్టుకుందో! పొగ లేదు. గేరు వేయనా? పడింది, వెన్నలో కత్తిలా పడింది. ఇందాక తలుపు సంగతి మర్చిపోండి, అబద్ధం చెప్పాను, మోగలేదు. మంచి బండన్నా. బాగా చూసుకున్నారు. నాకు తగ్గ బండి. తీసుకుంటాను. చెయ్యివ్వండి.

ఆగండాగండి, డిక్కీ ఒక్కటి తెరవండి. చూడకుండా కొన్నాడని రేపు మా ఆవిడ తిడుతుంది. జాకీ ఉంది, చక్రం ఉంది. ఈ మూట ఏంటి? పురికొసతో కట్టారే. విప్పొచ్చా?

...

నీళ్ళ పంపు.

మైనం కాగితం కూడా చిరగలేదు. గ్రీజు అలాగే ఉంది, ఎవడూ వేలు పెట్టలేదు. ఇది ఎక్కడ దొరికిందన్నా మీకు? మీ నాన్నగారు దాచారా? ఊరంతా గాలించినా ఇలాంటిది దొరకదు, మీకు తెలుసా?

ఒక్క నిమిషం కూర్చోనివ్వండి. ఇక్కడే, బంపరు మీద.

మీకో మాట చెప్పనా? కాగితం విప్పగానే నాకు మీ బండి గుర్తు రాలేదు. ఇప్పుడే చెయ్యి కలిపి కొన్న బండి, దాని డిక్కీ ముందే నిలబడి ఉన్నాను, అయినా గుర్తు రాలేదు. ఇది ఆ బండిలో ఎలా కూర్చుంటుందో, ఏ పక్కనుంచి చెయ్యి దూర్చాలో, ఏ బోల్టు మొండికేస్తుందో, అదంతా కళ్ళ ముందు తిరిగింది. దానికి వచ్చే గురువారం... ఛీ. కోయించు అన్నాను చూడండి, ఈ నోటితోనే.

ఇది విడిగా ఇస్తారా? ఇది ఒక్కటే. ఇవ్వరా? ఊఁ. బండితోనేనా. మీరన్నదీ నిజమే, దీన్ని చూసే కదా నాలాంటివాడు ఎవడైనా పడేది. నేనైనా అదే మాటంటాను.

సరే, బండితోనే ఇవ్వండి.

మతి పోలేదన్నా, అలా చూడకండి. మీ బండిని చిన్నచూపు చూడను. రోజూ ఆస్పత్రికి దీన్లోనే వెళ్తాను, కడుగుతాను, ఎండలో పెట్టను. విప్పడం మాత్రం విప్పను. దీనికి నా అవసరం లేదు. ఈ పంపు పట్టుకుని ఇటు నుంచి ఇటే వాడింటికి పోతాను. ముందు ఆ ఉంగరాలు పీకేయిస్తాను, కోసేవాడు వస్తే గేటు దగ్గరే ఆపేస్తాను. బురుల్ అడుగుతుంది, ఎప్పుడు మొదలుపెడతారండీ మీ పని అని. మొదలుపెట్టానని చెప్తాను. ఎక్కడా అంటే, సగిన్ వాళ్ళ షెడ్డులో అని చెప్పాలి మరి. నవ్వుతుందేమో. నవ్వనీండి.

అది బాగుపడి రోడ్డెక్కిన రోజు అందరూ వాడి భుజమే తడతారన్నా, నాకు తెలుసు. ఆ మైకులో మళ్ళీ ఏదో ఒకటి అంటాడు. నేను పక్కనే గ్రీజు చేతులతో నిలబడి ఉంటాను, కడుపు మండిపోతూ ఉంటుంది. మండనీండి. ఆ పంపు మళ్ళీ కాగితంలో చుట్టి ఇవ్వండి. మెల్లగా.